చెన్నపట్నంలో గాలం వేసేదెక్కడ?

ఉద్యోగరీత్యా ఊరు మారినవాళ్ళు ముందు అద్దె ఇల్లు చూసుకుంటారు. తరువాత పిల్లలకు బడి, ఆ తరువాత మంచినీళ్ళు, పాలు, మన రుచికి సరిపడే కందిపప్పు దొరికే కొట్టు. ఇవన్నీ కుదిరాక ఏ ఆదివారం నాడో తీరిగ్గా కూర్చున్నప్పుడు, సొంత ఊళ్ళో ఉండి ఇక్కడ లేనిది ఏదో ఒకటి గుర్తుకొస్తుంది. కొందరికి అది రామాలయం అరుగు, కొందరికి గ్రంథాలయం, కొందరికి చీట్లపేక. కాలవ గట్టున పుట్టి పెరిగినవాళ్ళకు మాత్రం అది గాలం.

నాకు చెన్నైకి బదిలీ అయింది 2008లో. నాకైతే గాలం బెంగ అంతగా లేదు. బ్యాంకు పని అంత తీరిక ఇవ్వలేదు. 2011లో మా అమ్మ పోయాక నాన్నగారిని మా దగ్గరికి తీసుకొచ్చేశాం. డెబ్భై ఏళ్ళు గోదావరి డెల్టా కాలవల పక్కన బతికిన మనిషి. ఇక్కడ మూడో అంతస్తు. తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి, చొక్కా తొడుక్కుని, వెళ్ళే చోటు లేక బాల్కనీలో కూర్చునేవారు. టీవీ మీద ఇష్టం లేదు. తమిళం రాదు. ఒక రోజు కాఫీ తాగుతూ, "ఈ ఊళ్ళో నీళ్ళెక్కడున్నాయిరా?" అని అడిగారు. నేను కుళాయి నీళ్ళ సంగతీ, లారీ నీళ్ళ సంగతీ చెప్పబోయాను. "అవి కాదురా, చేపలుండే నీళ్ళు" అన్నారు.

ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు సుమారు రెండేళ్ళ ఆదివారాలు పట్టాయి. పొరుగు రాష్ట్రంలో కాపురముంటున్న మన కుటుంబాల్లో ఇలాంటి పెద్దలున్న ఇళ్ళు చాలానే ఉన్నాయి. వాళ్ళ కోసమూ, గాలం ఎలా పట్టుకుంటారో ఎన్నడూ చూడని పిల్లల కోసమూ నాకు తెలిసినంత రాస్తున్నాను.

వేట పోయింది, పిట్టలున్నాయి

ముందుగా వేట సంగతి తేల్చేస్తాను. మా తాతగారి తరంలో పిట్టల వేట, చేపల వేట వేరువేరు కావు. శీతాకాలంలో కొల్లేటి మీద పరజలు దిగితే తుపాకీ ఉన్నవాళ్ళు దోనెల్లో వెళ్ళేవారు. లేనివాళ్ళు వలలు పట్టుకెళ్ళేవారు. నాన్నగారు చిన్నప్పుడు ఆ దోనెల్లో కూర్చుని వెళ్ళినవారే. కాబట్టి చేపల తరువాత ఆయన అడిగిన రెండో ప్రశ్న, "పిట్టలు ఎక్కడ దిగుతాయి?" అని.

దిగే చోట్లున్నాయి గాని, కొట్టే చోటు మాత్రం లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ కలిసి మన దేశంలో సరదా వేటకు తెర దించేశాయి. నగరం నడిబొడ్డున ఉన్న గిండీ అడవి ఒకప్పటి దొరల వేట తోట. 1978లో అది జాతీయ పార్కు అయింది. మొత్తం మూడు చదరపు కిలోమీటర్లు కూడా లేని ఆ అడవిలో ఇవాళ జింకలనూ కృష్ణజింకలనూ చూడవచ్చు, అంతే.

అయితే చట్టం రాకముందే వేటను ఆపించిన పల్లెవాళ్ళు ఈ చుట్టుపక్కలే ఉన్నారు. చెంగల్పట్టు దాటాక వేడంతాంగల్ అనే ఊళ్ళో ఒక చెరువు ఉంది. ఏటా వేల పక్షులు వచ్చి ఆ చెరువులోని చెట్ల మీద గూళ్ళు కడతాయి. 18వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషు సిపాయిలు వచ్చి వాటిని కాలుస్తుంటే ఊరివాళ్ళు కలెక్టరు దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకున్నారు. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్ళతో తమ పొలాలు బాగా పండుతాయన్నది వాళ్ళ వాదం. 1798లో అప్పటి కలెక్టరు లయొనెల్ ప్లేస్ వాళ్ళకు హక్కు పత్రం రాసిచ్చారు. చూడండి, రెండు వందల ఏళ్ళ క్రితమే పల్లెవాళ్ళు పిట్ట విలువను పంట లెక్కలో కట్టి చెప్పారు!

నాన్నగారిని ఒక జనవరిలో అక్కడికి తీసుకెళ్ళాను. దుర్భిణీ ఇస్తే వద్దన్నారు. గూడబాతు ఏది, నీటికాకి ఏది, నత్తగుల్ల కొంగ ఏది అని, ఎగిరే తీరును బట్టి మా అమ్మాయికి గంటన్నరసేపు చెప్పారు. కొట్టడానికి నేర్చుకున్న విద్య అలా చూడడానికి పనికొచ్చింది.

వేటగాళ్ళ విద్య ఇలా దారి మార్చుకున్న ఉదాహరణలు ఇక్కడ ఇంకా ఉన్నాయి. మహాబలిపురం దారిలో వడనెమ్మేలి దగ్గర మొసళ్ళ పార్కు ఆవరణలో ఇరులర్ల సహకార సంఘం ఉంది. మన నెల్లూరు యానాదుల్లాగే ఇరులర్లు కూడా అడవినీ, వాగునూ నమ్ముకుని బతికినవాళ్ళు. పాముల్ని పట్టి, చర్మాల వ్యాపారులకు అమ్మేవారు. చట్టం వచ్చి ఆ వ్యాపారం ఆగిపోయాక, 1978లో సహకార సంఘం పెట్టుకుని పాముల్ని పట్టి, విషం తీసి, తిరిగి వదిలేయడం మొదలుపెట్టారు. పాముకాటు మందు తయారీకి ఆ విషమే ఆధారం. 2023లో ఇరులర్ పాములవాళ్ళు ఇద్దరికి పద్మశ్రీ కూడా వచ్చింది.

ఇక రాత్రిపూట నడిచే ఓపిక ఉన్న పిల్లలుంటే, జనవరి నుంచి మూడు నెలలపాటు నీలాంకరై, బీసెంట్ నగర్ మధ్య తీరంలో తాబేలు గుడ్లను వెతికే విద్యార్థుల బృందం ఒకటి ఉంది. 1988 నుంచి వాళ్ళీ పని చేస్తున్నారు. ఇసకలో తాబేలు జాడ పట్టి, గుడ్లను తీసి, కాపలా ఉన్న చోటికి చేరుస్తారు. జాడ పట్టడంలో ఉన్న సరదా అంతా అందులో ఉంది, ప్రాణహింస తప్ప.

చేప ఉంది, తినడానికి లేదు

ఇక చేపల దగ్గరికి వద్దాం. చెన్నైలో నీళ్ళకు కొదవ లేదు. ఉత్తరాన కొసస్తలయారు, మధ్యలో కూవం, దక్షిణాన అడయారు, మూడింటినీ కలుపుతూ బకింగ్‌హామ్ కాలవ. బంగాళాఖాతం ఎటూ ఉండనే ఉంది. పటం చూసి నాన్నగారు చాలా సంతోషించారు. ముఖ్యంగా బకింగ్‌హామ్ కాలవ పేరు వినగానే కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. కాకినాడ నుంచి ఏలూరు కాలవ, కృష్ణ దాటాక కొమ్మమూరు కాలవ, పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలవ, ఇలా ఒకదాని వెంట ఒకటి పట్టుకుంటే పడవలో మద్రాసు చేరిన కాలం ఒకటుండేది. 1806లో మద్రాసు దగ్గర చిన్నగా మొదలైన ఈ కాలవ, 1876-78 నాటి పెద్ద కరువులో కూలీల చేత తవ్వించడంతో పొడుగైంది. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు దానికి స్థిరపడింది. "అయితే మన కాలవ ఇక్కడిదాకా వచ్చిందన్నమాట" అన్నారు నాన్నగారు.

వచ్చింది నిజమే. ఇప్పుడు నగరంలో దాని మీద రైలు స్తంభాలున్నాయి, లోపల మురుగునీరుంది. కూవం సంగతి చెన్నైలో ఉన్నవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

అడయారు సముద్రంలో కలిసే చోట, దివ్యజ్ఞాన సమాజం తోటలకు అవతల, ఒక విరిగిన వంతెన ఉంది. 1967లో కట్టారు, 1977లో వరదకు కూలింది. ఆ పరిసరాల్లో పొద్దున్నే గాలాలు పట్టుకున్నవాళ్ళు కనిపిస్తారు. మేమూ వెళ్ళాం. అక్కడ గాలం వేస్తున్న ఒక నడివయసు మనిషి మమ్మల్నీ, మా సరంజామానూ చూసి, తనంతట తనే, "సార్, మీన్ ఇరుక్కు. ఆనా ఇంద తణ్ణీలే పుడిచ్చదై సాప్పిడాదీంగ" అన్నాడు. చేపలైతే ఉన్నాయి గాని, ఈ నీళ్ళలో పట్టింది తినకండి అని. మరి నువ్వెందుకు పడుతున్నావని అడిగితే, పొద్దు పోవడానికన్నాడు. పట్టినవాటిని మళ్ళీ నీళ్ళలోకే వదులుతున్నాడు కూడా.

నాన్నగారు వంగి, దోసిట్లోకి నీళ్ళు తీసుకుని వాసన చూశారు. గాలం విప్పకుండానే లేచారు. "తినని చేపను ముల్లుకి గుచ్చడం ఎందుకురా" అన్నారు. అది ఆయన పద్ధతి. పట్టి వదిలే పద్ధతి మీద గౌరవం ఉన్నవాళ్ళతో నాకు తగాదా లేదు.

ఆ మనిషి చెప్పింది ఉట్టిమాట కాదు. అడయారు ముఖద్వారంలో చేపలు గుంపులుగా చచ్చి తేలడం పలుమార్లు జరిగింది. ఉత్తరాన ఎన్నూరు వాగు ఒకప్పుడు రొయ్యలకూ పీతలకూ పేరున్న చోటు. దాని చుట్టూ విద్యుత్ కేంద్రాలు, కర్మాగారాలు లేచాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరదల వేళ ఆ నీళ్ళ మీద చమురు తెట్టు కట్టింది. పడవలూ వలలూ నల్లబడి, జాలరులు రోజుల తరబడి ఆ తెట్టును బకెట్లతో తోడవలసి వచ్చింది. నూనె మరకలున్న చోట చేప దొరికితే సంతోషించకూడదు. జిలేబీ చేప, జెల్లలు లాంటివి మురుగులో కూడా బతుకుతాయి; చేప బతికి ఉన్నంత మాత్రాన నీరు మంచిదని కాదు.

ప్రతి చెరువుకూ ఒక లెక్క ఉంది

నదులు కాకపోతే చెరువులు. చెన్నైకి పడమరగా పుళల్, చోళవరం, చెంబరంబాక్కం, పూండి జలాశయాలున్నాయి. పూండి 1944 నాటిది. 1983లో కుదిరిన తెలుగు గంగ ఒప్పందం ప్రకారం కండలేరు నుంచి కాలవలో వచ్చే కృష్ణ నీళ్ళు ముందు చేరేది అక్కడికే. 1996లో మొదటిసారి ఆ నీళ్ళు తమిళనాడు సరిహద్దు దాటాయి. "మన కృష్ణ నీళ్ళే కదా, ఒక గాలం వేస్తే ఏం?" అని మన వాళ్ళకు అనిపించడం సహజం. కాని ఇవి నగరం తాగే నీళ్ళు. కాపలా ఉంటుంది. పైగా వాటిలో పెంచే చేపల మీద హక్కులు వేరే ఉంటాయి.

పల్లెల్లోని చిన్న చెరువులకూ ఇదే వరస. చేపల హక్కు వేలం పాడుకున్నవారో, సహకార సంఘమో ఉంటుంది. పిల్ల చేపల్ని తెచ్చి పోసి, పెంచి, పట్టి అమ్ముకుంటేనే వాళ్ళకు పాట సొమ్ము గిట్టుబాటవుతుంది. గట్టు మీద ఎవరూ లేరని గాలం వేస్తే అది వాళ్ళ పెట్టుబడిలో చేయి పెట్టడమే. బ్యాంకు మనిషిని కనుక నాకీ సంగతి చప్పున బుర్రకెక్కింది. తాళం వేయని గల్లాపెట్టె కూడా ఎవరిదో ఒకరిది అయి ఉంటుంది. చెరువు ఎవరి పాటలో ఉందో కనుక్కుని అడిగితే, రెండు గాలాలకు సరేననేవాళ్ళూ ఉన్నారు, డబ్బు కట్టమనేవాళ్ళూ ఉన్నారు, ససేమిరా అన్నవాళ్ళూ ఉన్నారు. ముగ్గురి మాటా న్యాయమే.

చెరువులో గాలం వేయడం మీద పుస్తకాలు కూడా మద్రాసు రాజధాని నుంచే వచ్చాయి. హెన్రీ సల్లివాన్ థామస్ అనే మద్రాసు సివిల్ సర్వీసు అధికారి 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' రాశారు. 1887లో చెరువుల కోసమే ప్రత్యేకంగా 'ట్యాంక్ ఆంగ్లింగ్ ఇన్ ఇండియా' రాశారు. డైనమైటుతో, విషంతో చేపలు చంపడాన్ని నిషేధించే ఇండియన్ ఫిషరీస్ చట్టం 1897లో వచ్చింది. ఇంకొక ముచ్చట మా వృత్తివాళ్ళకు నచ్చుతుంది. రైతులకు పరపతి సంఘాలు పెట్టాలని 1895, 1897లలో రెండు సంపుటాల నివేదిక ఇచ్చిన ఫ్రెడరిక్ నికల్సన్ గారే, తరువాత 1907లో మొదలైన మద్రాసు మత్స్యశాఖకు పునాది వేశారు. అప్పులూ చేపలూ ఒకే మనిషి బుర్రలో ఇమిడాయి!

నగరం మధ్యలో ఊరికే కూర్చుని గాలం వేసుకోవాలనుకునేవాళ్ళ కోసం చెట్‌పట్ చెరువును మత్స్యశాఖ వారు బాగు చేయించి 2016లో ఉద్యానవనంగా తెరిచారు. అప్పుడు గాలం వేసేవారికీ ఏర్పాటు పెట్టారు. ఇలాంటి చోట్ల నియమాలు మారుతుంటాయి. ముందుగా కనుక్కుని బయల్దేరడం మంచిది.

పళవేర్కాడులో వంతు

నాన్నగారికి చేపల మీద కన్నా చేపలు పట్టేవాళ్ళ మీద ఎక్కువ గురి కుదిరింది పళవేర్కాడులో. మనం పులికాట్ అంటాం. చెన్నైకి ఉత్తరంగా సుమారు అరవై కిలోమీటర్లు. చిలకా తరువాత దేశంలో ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రలో, సముద్రంలో కలిసే ముఖ్యమైన ముఖద్వారం తమిళనాడులో. ఒడ్డున డచ్చివారి పాత సమాధులున్నాయి. ఇటు మాటా అటు మాటా కలిసిన తెలుగు, తమిళం అక్కడ రేవులో వినిపిస్తుంది. నాన్నగారు ఇక్కడికొచ్చాక మొదటిసారి నన్ను దుబాసీగా పెట్టుకోకుండా ఒక పూటంతా మాట్లాడారు.

అక్కడ 'పాడు' అనే ఒక కట్టుబాటు ఉంది. మన భాషలో పాడు అంటే చెడ్డమాట గాని, అక్కడ దాని భావం వలవేసే చోటు, దాని మీద హక్కు. ముఖద్వారం దగ్గర రొయ్యలు బాగా పడే చోట్లు కొన్నే. అందరూ ఒకేసారి వలలు కడితే ఎవరికీ ఏమీ మిగలదు. అందుకని కొన్ని జాలరి పల్లెలు కలిసి ఆ చోట్లను వంతులుగా పంచుకున్నాయి. ఎవరికి ఏ చోటన్నది చీట్లు తీసి తేలుస్తారు. ఇవాళ మంచి చోటు దక్కినవాడు రేపు ఇంకొకరికి విడవాలి. తరతరాలుగా నడుస్తున్న ఈ పద్ధతి మీద పరిశోధకులు ఎన్నో రాశారు. అందులో చేరని కుటుంబాలకు దాని మీద అభ్యంతరాలూ ఉన్నాయి, తగాదాలూ జరిగాయి. మనుషులు చేసుకున్న ఏర్పాటు కదా!

పైగా ఈ సరస్సు రెండు రాష్ట్రాల్లోనూ పక్షుల అభయారణ్యం. అక్కడ గాలం తీయవద్దని నేను ముందే నాన్నగారికి చెప్పాను. ఆయన తీసే ఉద్దేశంలో కూడా లేరు. వలలు ఎండబెట్టుకుంటున్నవాళ్ళ పక్కన కూర్చుని, మా ఊరి కాలవలో మావుల వంతులు ఎలా ఉండేవో చెప్పారు. వాళ్ళు తమ వంతుల సంగతి చెప్పారు. తిరిగి వస్తూ బస్సులో, "నీళ్ళు ఎక్కడున్నాయో పటంలో చూస్తే కుదరదురా. ఎవరున్నారో చూడాలి" అన్నారు. రెండేళ్ళుగా మేము వెతుకుతున్నదానికి ఆ మాటే దారి అయింది.

ముట్టుకాడు ఒడ్డు

అప్పటి నుంచి పటం పక్కన పెట్టి, గాలం పట్టుకున్న మనిషి కనపడితే ఆగి అడగడం మొదలుపెట్టాం. గాలాలు అమ్మే కొట్టువాడు ఒకరిని చూపించాడు, ఆయన ఇంకొకరిని. అలా తేలిన చోటు ముట్టుకాడు. తూర్పు తీరం రోడ్డు మీద, కోవళం దగ్గర సముద్రపు నీరు లోపలికి వచ్చే పాయ. పడవల షికారు జరిగే భాగానికి దూరంగా, ఒడ్డున రాళ్ళ మీద కూర్చుని కొందరు గాలాలు వేస్తుంటారు. అక్కడ రోజూ వలలతో బతికే జాలరులు పొద్దున్నే తమ పని చూసుకుని వెళ్ళాకే వీళ్ళు దిగుతారు. ఎవరూ రాసిపెట్టని నియమం అది.

అక్కడ డెబ్భై దాటిన ఒక తమిళ పెద్దాయన ఉండేవారు. ఆయనకు తెలుగు రాదు, నాన్నగారికి తమిళం రాదు. ఇద్దరికీ మధ్య చేపలే మాట్లాడాయి. మన పండుగప్ప వాళ్ళకు కొడువా. మాగ అక్కడ కాలా. కొర్రమీను విరాల్. చందువా వవ్వాల్. వంజరం మాత్రం వంజిరమే, నెత్తళ్ళు నెత్తిలి, సొర సురా. గాలాన్ని తూండిల్ అంటారు గాని, గాలానికి కట్టే నైలాను దారం అటూ ఇటూ తంగూసే! ఆ మాట ఇద్దరూ ఒకేసారి అనుకుని నవ్వుకున్న రోజు నాన్నగారు ఇంటికొచ్చి కోడలికి మూడుసార్లు చెప్పారు.

మంచినీటి కాలవలో ఎర్రలు గుచ్చి వేసే చేతికి ఈ పాయలో కొత్త పాఠాలు పడ్డాయి. ఇక్కడ ఎర్రలకన్నా చిన్న రొయ్య మేలు. మడవై చేపకు గోధుమపిండి ముద్ద. కాలవ నీరు ఒకవైపే పారుతుంది. పాయలో నీరు పోటుకు లోపలికీ, పాటుకు బయటికీ పోతుంది. పోటు మొదలైన గంట, రెండు గంటల్లోనే చేప కదలిక ఎక్కువ. ఆ వేళ రోజూ కొంచెం కొంచెం వెనక్కి జరుగుతుంది కనుక, మా ఇంట్లో తెలుగు కేలండరు పక్కన పోటుపాట్ల లెక్క కూడా నాన్నగారి చేతిరాతతో వేలాడేది.

దొరికినవి తక్కువే. వారానికి నాలుగు చిన్న చేపలు. ఏడాదికోసారి చెప్పుకోదగ్గ పండుగప్ప. పెట్రోలు, ఎర, టిఫిను లెక్కవేస్తే మార్కెట్లో కొన్నదే చవక. ఆ లెక్క నేను నాన్నగారికి ఎప్పుడూ చూపించలేదు. ఆయన మళ్ళీ నాలుగున్నరకు లేచి, చొక్కా తొడుక్కుని, వెళ్ళవలసిన చోటికి వెళ్ళేవారు.

కొత్తగా వచ్చినవాళ్ళకు కొన్ని మాటలు

గాలం తీసేముందు అక్కడున్నవాళ్ళకు నమస్కారం పెట్టండి. ఈ చోటు ఎవరిదైనా ఉందా అని అడగండి. జాలరుల వలలకూ, పడవల దారికీ అడ్డంగా దారం వేయకండి. అది వాళ్ళ కూడు, మన కాలక్షేపం.

నీటి వాసన చూడండి. నురగ, నూనె మెరుపు, చచ్చి తేలిన చేపలు కనిపిస్తే ఇంటికి వచ్చేయండి. అక్కడ పట్టింది పిల్లలకు పెట్టవద్దు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరమంతా మరపడవల వేట నిషేధం. 2001 నుంచి 45 రోజులుండేది, 2017లో 61 రోజులకు పెంచారు. చేప గుడ్లు పెట్టే కాలమని. ఒడ్డున గాలానికి ఈ నిషేధం వర్తించదు గాని, నాన్నగారు ఆ రెండు నెలలూ తన గాలానికి కూడా సెలవిచ్చేవారు.

సముద్రపు గుర్రాలు, తాబేళ్ళు పొరపాటున తగులుకుంటే ముల్లు జాగ్రత్తగా తీసి వదిలేయాలి. అవి చట్టం రక్షణలో ఉన్న ప్రాణులు. తెగిన తంగూసును ఒడ్డున పారేయకండి, కొంగల కాళ్ళకు చుట్టుకుంటుంది.

జెల్ల ముల్లు గుచ్చుకుంటే మంట చాలాసేపు ఉంటుంది; చేతికి గుడ్డ చుట్టుకుని పట్టుకోవాలి. ముఖద్వారం దగ్గర నీటిలోకి దిగవద్దు, లాగుడు ఎక్కువ. అలలు కొట్టే బండల మీద పిల్లల్ని నిలబెట్టవద్దు. వంతెన మీద నిలబడి గాలం వేసే సాహసం అసలే వద్దు, వెనక బస్సులు పోతుంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో నీళ్ళు బురదగా, జోరుగా ఉంటాయి. సంక్రాంతి దాటాక అన్నివిధాలా బాగుంటుంది.

నాన్నగారు 2019లో కాలం చేశారు. కర్మకాండలన్నీ ముగిశాక, చెప్పి రావాలని ఒక ఆదివారం ముట్టుకాడు వెళ్ళాను. ఆ తమిళ పెద్దాయన నన్ను ఒక్కణ్ణే చూసి విషయం గ్రహించారు. నాన్నగారు కూర్చునే రాయి ఖాళీగా ఉంది. ఈ మూడు వారాలూ దాని మీద ఎవరినీ కూర్చోనివ్వలేదట. "ఉక్కారుంగ" అన్నారు, కూర్చోండి అని. గాలం తీసుకెళ్ళలేదు నేను. ఆయన తన రెండో గాలం నా చేతికిచ్చారు.

ఇప్పుడు మా అమ్మాయి, నేను నెలకోసారి వెళుతున్నాం. పోటుపాట్ల లెక్క అదే చూస్తోంది. మన సంఘం వారు సంక్రాంతి తరువాత ఒక ఆదివారం కుటుంబాలతో అక్కడికి రావాలనుకుంటే దారి చూపించడానికి మేము సిద్ధం. ఇంట్లో బాల్కనీలో కూర్చున్న పెద్దలున్నవాళ్ళు వాళ్ళను తప్పకుండా వెంటబెట్టుకు రండి. గాలాలు రెండు మూడు ఎక్కువే ఉన్నాయి. అక్కడివాళ్ళను ముందుగా అడిగి ఉంచుతాను.